అండమాన్ వెళ్తున్నారా? ముందు పోటు వేళలు చూసుకోండి

పోయిన ఎపిసోడ్ చివర్లో మాటిచ్చాను కదా, మా అండమాన్ ప్రయాణం గురించి చెప్తానని. ఫొటోలు వేసి "ఇది ఫలానా బీచ్, అది ఫలానా బీచ్" అని చెప్పే వీడియోలు బోలెడున్నాయి. నేను ఆ పని చెయ్యను. ఈ రోజు ఒక్క విషయం మీదే మాట్లాడతాను. దీవికి వెళ్ళేటప్పుడు చూడాల్సినవన్నీ ఒక జాబితా రాసుకుంటాం. ఆ జాబితా పక్కన ఇంకో కాగితం ఉండాలి, పోటు ఎప్పుడు, ఆటు ఎప్పుడు అని. అది లేకుండా వెళ్ళి మేం ఏం పోగొట్టుకున్నామో, ఇంకేం పోగొట్టుకోబోయామో చెప్తాను.

ముందు మా గురించి రెండు ముక్కలు. మాది కాకినాడ. పెళ్ళై ఇరవై ఎనిమిదేళ్ళు. ఇన్నేళ్ళలో తిరుపతి వెళ్ళాం, అన్నవరం లెక్కలేనన్నిసార్లు వెళ్ళాం, పిల్లల కాలేజీల కోసం హైదరాబాద్ తిరిగాం. కానీ ఎవరి పెళ్ళీ లేకుండా, ఏ మొక్కూ లేకుండా, మేమిద్దరమే ఊరికే చూడ్డానికి వెళ్ళడం ఇదే మొదటిసారి. మా వారు కిందటేడు రిటైర్ అయ్యారు. ఆయనకి ఒక మోకాలు నొప్పి. నేను చాలా ఏళ్ళు స్కూల్లో ఫిజిక్స్ చెప్పాను. బోర్డు మీద భూమినీ చంద్రుణ్ణీ గీసి ఆటుపోట్ల పాఠం ఎన్నిసార్లు చెప్పానో లెక్కలేదు. ఈ సంగతి గుర్తుపెట్టుకోండి, కాసేపట్లో నన్ను చూసి నవ్వుకోడానికి పనికొస్తుంది.

మా వారు ఎక్సెల్ షీట్ తయారుచేశారు. ఏడు రోజులు, పందొమ్మిది చోట్లు. ఎక్కడ ఎన్ని నిమిషాలు అన్నది కూడా రాసుకున్నారు. ఆఫీసులో ముప్ఫై ఏళ్ళు అలాగే పనిచేశారు మరి. ఆ షీట్ మొదటిరోజే దెబ్బతింది. దాన్ని దెబ్బతీసింది పోటు కాదు, సూర్యుడు.

ఎలాగంటే, మన దేశం మొత్తానికీ ఒకటే గడియారం. ఆ గడియారం పట్టుకున్న రేఖ 82.5 డిగ్రీల తూర్పు రేఖాంశం. అది మా కాకినాడకి దగ్గరగానే పోతుంది. కాబట్టి గడియారానికీ సూర్యుడికీ మా ఊళ్ళో పెద్దగా తగువుండదు. పోర్ట్ బ్లెయిర్ ఉన్నది 92.7 డిగ్రీల దగ్గర, అంటే మాకు పది డిగ్రీలు తూర్పున. ఒక్కో డిగ్రీకి నాలుగు నిమిషాలు. పది డిగ్రీలకి నలభై నిమిషాలు. అక్కడ సూర్యుడు మా కంటే నలభై నిమిషాలు ముందే లేచి, అంత ముందే వెళ్ళిపోతాడన్నమాట. మేం వెళ్ళింది ఫిబ్రవరిలో. సాయంత్రం అయిదున్నరకి పొద్దుగూకిపోయింది. షీట్‌లో "5.30 నుంచి 6.30, బీచ్" అని ఉంది. చీకట్లో బీచ్ ఏం చూస్తాం? దానికి బదులు పొద్దున్న అయిదుంపావుకే వెలుతురు మొదలవుతుంది. మా వారు ఆ వేళకి గురకలో ఉన్నారు. అండమాన్‌లో రోజు చివర్లో పోయిన గంట పొద్దున్నే దొరుకుతుంది. లేచేవాళ్ళకే అనుకోండి.

పోర్ట్ బ్లెయిర్ అంటున్నాను కానీ 2024 సెప్టెంబరులో ఆ ఊరి పేరు శ్రీ విజయపురం అని మార్చారు. హావ్‌లాక్ స్వరాజ్ ద్వీప్ అయింది, నీల్ షహీద్ ద్వీప్ అయింది, రాస్ దీవి నేతాజీ సుభాష్ చంద్రబోస్ ద్వీప్ అయింది. ఈ మూడూ 2018లో మార్చినవి. టిక్కెట్ల మీద కొత్త పేర్లుంటాయి, ఆటోవాళ్ళ నోట్లో పాత పేర్లుంటాయి. రెండూ తెలిసుంటే తికమక ఉండదు. నేను అలవాటైన పేర్లే వాడతాను, ఏమీ అనుకోకండి.

మొదటిరోజు మధ్యాహ్నం సెల్యులర్ జైలుకి వెళ్ళాం. 1896లో మొదలుపెట్టి 1906కి కట్టారు. నడిమధ్య ఒక బురుజు, దాని చుట్టూ సైకిల్ చక్రం పుల్లల్లాగా ఏడు వరసలు. ఒక వరస ముందుభాగం ఇంకో వరస వీపు వైపు ఉంటుంది. ఎదురుగా ఇంకో మనిషి మొహం కనపడకూడదని అలా కట్టారు. దాదాపు ఏడు వందల గదులు, గదికి ఒక్కరు. ఇప్పుడు మూడు వరసలే మిగిలాయి. రంప తిరుగుబాటులో పట్టుబడ్డ మన్యం మనుషుల్ని కూడా ఇక్కడికి పంపారు. మా ఊరి పేరుతోనే ఉన్న కాకినాడ బాంబు కేసులో శిక్షపడిన ప్రతివాది భయంకరాచారిని కూడా. ఆ సంగతి మా ఊళ్ళో ఎంతమందికి తెలుసో నాకు అనుమానమే.

షీట్‌లో జైలుకి నలభై అయిదు నిమిషాలు రాసి ఉంది. మేం రెండున్నర గంటలు ఉన్నాం. పైకెక్కి చూస్తే చుట్టూ నీలంగా సముద్రం, ఎంత అందంగా ఉందంటే చెప్పలేను. మా వారు అన్నారు, "గోడ ఎందుకు కట్టారో, నీళ్ళే చాలు కదా" అని. ఆ మాట నాకు అప్పుడు అంతగా తలకెక్కలేదు.

ఆ సాయంత్రం మమ్మల్ని తిప్పిన ఆటో అబ్బాయి తెలుగువాడు. పోర్ట్ బ్లెయిర్‌లో తెలుగు బాగా వినిపిస్తుందండి. శ్రీకాకుళం, విశాఖ వైపు నుంచి చేపల వేటకీ పనులకీ వెళ్ళి స్థిరపడిన కుటుంబాలు చాలా ఉన్నాయి. విశాఖ నుంచి ఓడ కూడా ఉంది, రెండు మూడు రోజుల ప్రయాణం. ఈ అబ్బాయి తాతది ఇచ్ఛాపురం దగ్గర ఊరట. ఇతను అక్కడే పుట్టాడు, మాట మాత్రం అచ్చం శ్రీకాకుళమే. మేం నీల్ దీవికి వెళ్తున్నామంటే, "అమ్మా, వంతెన రాయి చూడ్డానికి పోటు చూసుకొని ఎల్లండి. నీరుంటే ఏటీ అగుపడదు" అన్నాడు. నేను తల ఊపాను. ఫిజిక్స్ టీచర్‌ని కదా, నాకు తెలియదా అనుకున్నాను. చూసుకోలేదు.

రెండోరోజు హావ్‌లాక్. రాధానగర్ బీచ్ గురించి ఎక్కువ చెప్పను. 2004లో టైమ్ పత్రిక ఆసియాలోకెల్లా మంచి బీచ్ అంది, అప్పట్నుంచీ అందరూ అదే చెప్తున్నారు, అది నిజమే. ఒక్కటి గమనించండి. రాధానగర్ పడమటి వైపు ఉంది, కాబట్టి అక్కడ సూర్యాస్తమయం. కాలాపత్తర్ తూర్పు వైపు ఉంది, అక్కడ సూర్యోదయం. ఇది తిరగేసి ప్లాన్ చేసుకున్న జంటల్ని మేమే ఇద్దర్ని కలిశాం. ఇంకో మాట, అక్కడ మొసళ్ళ గురించి బోర్డులుంటాయి. అలంకారానికి పెట్టినవి కావు. 2010లో రాధానగర్ పక్కనే ఉన్న నీల్స్ కోవ్‌లో ఒక అమెరికన్ అమ్మాయిని ఉప్పునీటి మొసలి చంపేసింది. ఈదమని చెప్పిన చోటే ఈదండి, పొద్దుగూకాక నీళ్ళలో ఉండకండి.

ఆ రోజు పౌర్ణమి. మేం నాలుగింటికి వెళ్ళేసరికి సముద్రం చాలా వెనక్కి ఉంది, ఇసక విశాలంగా పరుచుకుని ఉంది. అబ్బ, ఎంత పెద్ద బీచో అనుకున్నాం. అది మా అదృష్టం, ఆటు వేళకి వెళ్ళాం అంతే. అదే చోటుకి అదే రోజు పొద్దున్న పదింటికి వెళ్ళి ఉంటే ఆ ఇసకలో సగం నీళ్ళ కింద ఉండేది.

ఇప్పుడు నాలుగోరోజుకి వద్దాం. హావ్‌లాక్ నుంచి నీల్‌కి ఫెర్రీలో గంట ప్రయాణం. నాలుగైదు కిలోమీటర్ల పొడవున్న చిన్న దీవి. తూర్పు పాకిస్తాన్ నుంచి వచ్చిన బెంగాలీ కుటుంబాలని అక్కడ స్థిరపరిచారు. కూరగాయల తోటలు, అరటిచెట్లు, చెరువులు. ఒక్కోచోట కోనసీమలో ఉన్నట్టే అనిపిస్తుంది. అక్కడ లక్ష్మణ్‌పూర్ రెండో బీచ్‌లో సముద్రం తొలిచిన రాతి వంతెన ఉంది. అక్కడివాళ్ళు దాన్ని హౌరా బ్రిడ్జి అంటారు, బెంగాలీలు కదా. షీట్ ప్రకారం పదకొండున్నరకి వెళ్ళాం. ఎండలో, మా వారి మోకాలితో, రాళ్ళ మీద నుంచి దిగాం. దిగితే ఏముంది? నీళ్ళు రాళ్ళకి కొట్టుకుంటున్నాయి. దూరంగా వంతెన పైభాగం కొంచెం కనపడుతోంది. దాని కిందకి వెళ్ళే దారి మొత్తం మునిగిపోయి ఉంది. మాలాగే వచ్చిన పది పదిహేను జంటలు సెల్ఫీలు తీసుకుని వెనక్కి పోతున్నారు.

అప్పుడు వెలిగింది నాకు. రెండు రోజుల క్రితం పౌర్ణమి. పౌర్ణమికీ అమావాస్యకీ పోటు పెద్దదని పిల్లలకి ఎన్నేళ్ళు చెప్పానండీ! పరీక్షలో రెండు మార్కుల ప్రశ్న అది.

సరే, పాఠం ఒకసారి చెప్పేస్తాను, ఓపిక పట్టండి. చంద్రుడి ఆకర్షణకి సముద్రం రెండు వైపుల ఉబ్బుతుంది, చంద్రుడి వైపు ఒకటి, దానికి వెనకవైపు ఒకటి. భూమి తిరుగుతుంటే మనం ఆ రెండు ఉబ్బుల కిందనుంచీ పోతాం. అందుకే రోజుకి రెండుసార్లు పోటు, రెండుసార్లు ఆటు. ఈలోపు చంద్రుడు కూడా కొంచెం ముందుకి జరుగుతాడు కాబట్టి, ఒక పోటుకీ తర్వాతి పోటుకీ మధ్య పన్నెండు గంటల ఇరవై అయిదు నిమిషాలు. అంటే ఈరోజు పదింటికి వచ్చిన పోటు రేపు పదకొండుకి కొంచెం ముందు వస్తుంది. రోజుకి సుమారు యాభై నిమిషాల ఆలస్యం. ఈ ఒక్క లెక్క తెలిస్తే చాలు, ఒక్కరోజు వేళ కనుక్కుని మిగతా వారమంతా మీరే వేసుకోవచ్చు. పౌర్ణమి, అమావాస్యలకి సూర్యుడు కూడా అదే గీత మీద నిలబడి లాగుతాడు. పోటు ఇంకా ఎత్తుకి వస్తుంది, ఆటు ఇంకా కిందకి పోతుంది.

మరి మాకు కాకినాడలో ఇదెందుకు పట్టదు? అసలు పట్టనేపట్టదని కాదు. కోరంగి మడ అడవుల్లో పడవవాణ్ణి అడగండి, పోటు లేకపోతే పాయలో పడవ కదలదని చెప్తాడు. కానీ గట్టు మీద నిలబడి పల్లీలు తినేవాళ్ళకి అది కనపడదు. నిటారుగా ఉన్న గట్టు దగ్గర నీళ్ళు ఒక మీటరు దిగితే ఒక మీటరు గోడ కనిపిస్తుంది, అంతే. నీల్ దీవి చుట్టూ పగడపు దిబ్బ బల్లపరుపుగా ఉంటుంది. నూరు అడుగులు నడిస్తే ఒక అడుగు దిగే వాలు అనుకోండి. అక్కడ నీళ్ళు రెండు మీటర్లు దిగితే సముద్రం రెండు వందల మీటర్లు వెనక్కి పోతుంది. అండమాన్‌లో పెద్ద పోటు రోజుల్లో తేడా సుమారు రెండు మీటర్లు ఉంటుంది. అందుకే పొద్దున్న సముద్రంగా ఉన్నది సాయంత్రానికి నడిచే నేల అయిపోతుంది.

లెక్క వేస్తే తర్వాతి ఆటు సాయంత్రం అయిదు దాటాక, అంటే చీకటిపడే ముందు. లేదా మర్నాడు పొద్దున్న ఆరింటికి. మా వారు అలిగారు. షీట్‌లో మర్నాడు పొద్దున్న ఇంకో బీచ్ ఉందిట. నేను అన్నాను, "ఏవండీ, ఈ షీట్ తీసి పక్కన పెట్టండి. రేపు అయిదింటికి లేద్దాం" అని. ఆ రాత్రి ఇద్దరం పెద్దగా మాట్లాడుకోలేదు. అలిసిపోయామని చెప్పుకున్నాం కానీ, ఇంట్లో అయితే టీవీ ఉంటుంది, అక్కడ ఏమీ లేదు. ఆ సంగతి ఇద్దరికీ తెలుస్తోంది.

మర్నాడు ఆరుంపావుకి అక్కడున్నాం. నిన్న చూసిన చోటేనా అనిపించింది. వంతెన కిందుగా నడిచి వెళ్ళాం. సముద్రం ఎక్కడో దూరంగా తెల్లటి గీతలాగా ఉంది. మధ్యలో అంతా రాయి, నాచు, చిన్న చిన్న గుంటలు. ఒక్కో గుంటలో ఒక్కో ఊరు ఉంది. నల్లగా పెద్ద వంకాయల్లా సముద్ర దోసకాయలు, చేతులు ఆడిస్తున్న నక్షత్ర జీవులు, నీలం అంచుతో నోరు తెరుచుకున్న ఆల్చిప్పలు, వేలెడంత చేపలు. స్థానిక గైడు కుర్రాడొకడు హిందీలో అన్నీ చూపించాడు. ముట్టుకోవద్దన్నాడు. ఒక గవ్వ కూడా తీసుకోకండి. బతికున్నదైనా చచ్చినదైనా పగడం తేవడం నేరం, ఎయిర్‌పోర్టులో సంచులు విప్పించి తీయిస్తారు. మా వారు పసిపిల్లాడిలా గుంట గుంటకీ వంగి చూస్తున్నారు. ఆ మోకాలు ఆయనకి గుర్తున్నట్టే లేదు.

ఎనిమిదయింది. నేను వంతెన పక్కన రాయి మీద కూచున్నాను. ఆయన అలలు విరిగే అంచు దాకా వెళ్ళి ఫొటో తీస్తానన్నారు. సరేనన్నాను. ఇక్కడే నా తప్పు. ఆరింటికి ఆటు అయితే ఎనిమిదికి ఏం జరుగుతుందో నాకు తెలిసి ఉండాలి.

పడవలవాళ్ళు వాడే ఒక మోటు లెక్క ఉంది. నీళ్ళు ఆరు గంటల పాటు ఒకే వేగంతో పెరగవు. మొత్తం పెరిగేది పన్నెండు భాగాలనుకుంటే మొదటి గంటలో ఒక భాగం, రెండో గంటలో రెండు, మూడో గంటలో మూడు, నాలుగో గంటలో మూడు, తర్వాత రెండు, చివరి గంటలో ఒకటి. మొత్తం తేడా 1.8 మీటర్లు అనుకోండి. మొదటి గంటలో పెరిగేది 15 సెంటీమీటర్లే, చీలమండ దాకా. ఎవరూ పట్టించుకోరు. రెండో గంటలో 30. మూడో గంటలో 45. అంటే మనకి ధైర్యం వచ్చిన తర్వాతే నీళ్ళు పరుగందుకుంటాయి. దాని మీద ఇంకోటి. పగడపు దిబ్బ బల్లపరుపు అన్నాను కానీ మధ్యలో పల్లాలుంటాయి. నీళ్ళు ముందుగా ఆ పల్లాల్లోకి పక్కనుంచి వస్తాయి. అంచు మీద నిలబడి అలల్ని చూస్తున్న మనిషికి కాళ్ళ కింద పొడిగానే ఉంటుంది. వీపు వెనక ఉన్న దారి నిండిపోతుంటుంది.

సరిగ్గా అదే జరిగింది. ఆయన వెళ్ళేటప్పుడు మధ్యలో పల్లం పాదాలు తడిసేంతే ఉంది. కాసేపటికి నేను చూస్తే అక్కడ నీళ్ళు వాగులాగా కదులుతున్నాయి. ఆయన అటు తిరిగి ఫోన్ పైకెత్తి పట్టుకుని ఉన్నారు. "ఏవండీ" అని పిలిచాను. అలల హోరు. మళ్ళీ పిలిచాను. వినపడలేదు. అయినా "ఏవండీ" అంటే ఎవరు తిరిగి చూస్తారండీ, అక్కడున్న ఏ తెలుగాయన్నైనా పిలిచినట్టే ఉంటుంది.

అప్పుడు ఆయన పేరు పెట్టి అరిచాను. ఇరవై ఎనిమిదేళ్ళలో ఆ పేరు నేను ఫారాల్లో రాశాను, గుళ్ళో పూజారిగారికి చెప్పాను, ఆయన్ని మాత్రం ఎప్పుడూ పిలవలేదు. గొంతు చించుకుని అరిచాను. తిరిగారు.

గైడు కుర్రాడు అప్పటికే పరిగెడుతున్నాడు. పల్లం దాటేసరికి ఆయనకి తొడల దాకా వచ్చాయి. ఈత వచ్చినవాడికి అది ఏమీ కాదు. కాళ్ళ కింద నాచు, నొప్పి మోకాలు, పక్కనుంచి తోసే నీళ్ళు, అరవై ఏళ్ళ మనిషి. ఒకసారి జారారు. కుర్రాడు రెక్క పట్టుకుని ఆపాడు. పగడం గీరుకుని పిక్క మీద జానెడు పొడుగున చీరుకుంది. ఫోన్ పోయింది. అంతే. అంతకంటే ఏమీ కాలేదు. కానీ ఆయన వచ్చి నా పక్కన కూచున్నాక నా చేతులు చాలాసేపు వణుకుతూనే ఉన్నాయి. మేం కూచున్న చోటు కింద వంతెన కాళ్ళు మెల్లగా నీళ్ళలోకి వెళ్ళిపోతున్నాయి. గోడ అక్కర్లేదు, నీళ్ళే చాలన్న ఆయన మాట అప్పుడు గుర్తొచ్చింది నాకు.

పగడం గీరుకుంటే నిర్లక్ష్యం చెయ్యకండి. సన్నటి ముక్కలు లోపల ఉండిపోయి చీము పడుతుంది. మంచినీళ్ళతో బాగా కడిగి, చిన్న దీవి అయినా ప్రాథమిక ఆరోగ్య కేంద్రం ఉంటుంది, వెళ్ళి చూపించుకోవాలి. మేం వెళ్ళాం. కట్టు కట్టి, టీటీ ఇంజెక్షన్ ఇచ్చారు.

ఆ మధ్యాహ్నమే ఫెర్రీలో పోర్ట్ బ్లెయిర్ వచ్చేశాం. తిరుగు విమానానికి ముందు రెండు రాత్రులూ అక్కడే ఉండాలని నేను మొదట్నుంచీ పట్టుబట్టాను. ఒకరోజు దండగ అని మా వారి వాదన. సముద్రం ఒప్పుకోకపోతే ఫెర్రీ కదలదండి, మీ విమానం టిక్కెట్టుతో దానికి పనిలేదు. 2016 డిసెంబరులో వర్ధా తుపాను పుట్టే ముందు హావ్‌లాక్, నీల్ దీవుల్లో వెయ్యి మందికి పైగా పర్యాటకులు చిక్కుపడిపోతే నౌకాదళం ఓడలు వెళ్ళి తీసుకురావాల్సొచ్చింది. కాబట్టి చివరి రాత్రి ఎప్పుడూ విమానాశ్రయం ఉన్న దీవిలోనే పెట్టుకోండి. ఈ ఒక్కదాంట్లో నేను రాజీపడను.

షీట్‌లో ఆరోరోజు బారాటాంగ్ ఉంది. సున్నపురాయి గుహలు, బురద అగ్నిపర్వతం. మేం మానేశాం, ఆయన కాలు ఒక కారణం. ఇంకో కారణం ఉంది, అది ప్రయాణానికి ముందే మా మధ్య వాదన అయింది. ఆ రోడ్డు జారవాల అడవి మధ్యనుంచి పోతుంది. వాళ్ళు కొన్ని వందలమంది మాత్రమే ఉన్న ఆదివాసులు. 2002లో సుప్రీంకోర్టు ఆ అడవిలో రోడ్డు మూసెయ్యమంది, అయినా రోడ్డు నడుస్తూనే ఉంది. పోలీసు కాపలాతో బళ్ళు వరసగా వెళ్ళాలి, ఆపకూడదు, ఫొటో తియ్యకూడదు, ఏమీ ఇవ్వకూడదు. నియమాలు అన్నీ ఉన్నాయి. కానీ బస్సులో ఎక్కిన మనిషి కళ్ళు గుహల కోసం కాదు, కిటికీలోంచి మనుషుల కోసం వెతుకుతాయి. నా కళ్ళూ అదే పని చేస్తాయని నాకు తెలుసు, అందుకే వద్దన్నాను. వెళ్ళినవాళ్ళని తప్పుపట్టను, సముద్రం మీదుగా కూడా వెళ్ళే ఏర్పాటుంది, కావాలంటే అది కనుక్కోండి.

దానికి బదులు ఆ ఇచ్ఛాపురం అబ్బాయి ఆటోలోనే వండూర్ వైపు వెళ్ళాం. దారిలో సిప్పీఘాట్ దగ్గర ఆపాడు. రోడ్డుకి రెండు పక్కలా నీళ్ళు, వాటిలో మోడువారిన చెట్లు. "ఇయన్నీ పొలాలమ్మా" అన్నాడు. 2004 డిసెంబరు 26 భూకంపానికి పోర్ట్ బ్లెయిర్ చుట్టుపక్కల నేల దాదాపు ఒక మీటరు కిందకి దిగిపోయింది. సునామీ వచ్చి వెళ్ళిపోయింది, నేల మాత్రం పైకి రాలేదు. అంతకుముందు ఆగిపోయే చోట పోటు ఆగడం మానేసి రోజుకి రెండుసార్లు వరిచేలలోకి వచ్చింది. మీటరు అంటే ఎంతండీ, మా వారి నడుం దాకా. ఆయన ఆ నీళ్ళ వైపు చూస్తూ చాలాసేపు నిలబడ్డారు.

ఇక వెళ్ళేవాళ్ళకి రెండు మాటలు. సర్వే ఆఫ్ ఇండియా ఏటా పోటు పట్టికలు అచ్చువేస్తుంది, పోర్ట్ బ్లెయిర్‌కి కూడా ఉంటుంది. ఫోన్‌లో చూసేవి కూడా ఉన్నాయి. వేళతో పాటు మీటర్లలో ఎత్తు రాసి ఉంటుంది, రెండు వరస అంకెల తేడా చూడండి. తేడా మీటరు లోపు ఉంటే చిన్న పోటు, గుంటలూ రాళ్ళూ అంతగా బయటపడవు. మీటరున్నర దాటితే పెద్దది, చూడ్డానికి బాగుంటుంది, జాగ్రత్తా ఎక్కువ కావాలి. ఆటుకి గంటన్నర ముందు దిగండి, ఆటు వేళకి వెనక్కి తిరగండి. మేం ఆటు వేళకి దిగాం, అదే తేడా. అలల హెచ్చరికలు మన హైదరాబాద్‌లోనే ఉన్న ఇన్‌కాయిస్ సంస్థ రోజూ ఇస్తుంది, బయల్దేరే ముందు అవి కూడా చూసుకోండి. చిన్న దీవుల్లో ఏటీఎంలు తక్కువ, చేతిలో డబ్బు ఉంచుకోండి. ధరలు నేను చెప్పను, చెప్పేలోపు మారిపోతాయి.

పందొమ్మిదిలో మేం చూసింది తొమ్మిది. విమానంలో కూచున్నాక మా వారు అన్నారు, "నా పేరు నీకు తెలుసన్నమాట" అని. నేను కిటికీ వైపు తిరిగాను.

ఆయన ఇప్పుడు లక్షద్వీప్‌కి షీట్ మొదలుపెట్టారు. మొదటి గడిలో చోటు పేరు లేదు, పోటు వేళ ఉంది. ఎప్పుడు వెళ్తామో తెలియదు, వెళ్ళొచ్చాక చెప్తాను.